మద్రాసు యూనివర్సిటీకి మూడు నివేదికలు

సమాకలన గణితం కథ: 11వ భాగం

1913 ఆగస్టు 5 తేదీతో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఒక నివేదిక వెళ్లింది. రాసినవాడికి అప్పటికి పాతికేళ్లు. ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు, చేతిలో డిగ్రీ లేదు. అయినా ఆ ఏడాది మే 1 నుంచి విశ్వవిద్యాలయం అతనికి నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇస్తోంది. మూడు నెలలకోసారి చేసిన పనేమిటో గణిత పాఠ్యమండలికి రాసి చూపించాలన్నది షరతు. నివేదికకు జతచేసిన ఉత్తరంలో శ్రీనివాస రామానుజన్, తాను సమాకలన గణితంలో ఒక కొత్త సిద్ధాంతం కనిపెట్టానని రాశాడు. విలువ ఉందని తెలిసి కూడా ఉన్న పద్ధతులతో రాబట్టలేకపోతున్న నిశ్చిత సమాకలనులు ఎన్నో ఉన్నాయనీ, వాటిలో కొన్నింటికైనా ఇది పనిముట్టుగా పనికొస్తుందనీ చెప్పాడు. ఇది తన తొలి ప్రయత్నమనీ, కాలేజీ విద్యార్థులకు దొరికే శిక్షణ తనకు దొరకలేదు కాబట్టి లోపాలుంటే దయతో చూడమనీ వేడుకున్నాడు.

ఆ సిద్ధాంతాన్నే ఇవాళ ప్రపంచమంతా ‘రామానుజన్ మాస్టర్ థియరం’ అంటోంది.

రామానుజన్ పేరెత్తగానే మన ఇళ్లలో చెప్పుకొనేవి వేరే. నామక్కల్ నామగిరి అమ్మవారు, కలలో కనిపించిన సూత్రాలు, 1729 నంబరు టాక్సీ. అతని భక్తి నిజం, టాక్సీ కథా నిజమే. కానీ ఈ కథలే విని పెరిగిన పిల్లలు, సూత్రాలు అతని ఒళ్లో వచ్చి పడ్డాయనీ, అతనికంటూ ఒక పద్ధతి లేదనీ అనుకుంటారు. అది అతని కష్టానికి అన్యాయం చేయడమే. పద్ధతి ఉంది. దాన్ని అతనే తన చేత్తో, మెట్టు మెట్టుగా, ఉదాహరణలతో సహా రాసి విశ్వవిద్యాలయానికి అప్పగించాడు. ఇంటర్ లెక్కలు గుర్తున్నవారెవరైనా ఆ పద్ధతిని పట్టుకుని, ఒకప్పుడు మహామహులను తిప్పలు పెట్టిన సమాకలనిని విప్పేయవచ్చు. ఈ భాగంలో మనం ఆ పనే చేయబోతున్నాం.

ముందుగా 1913 నాటికి ఈ విద్య ఎక్కడిదాకా వచ్చిందో ఒక్కసారి తలుచుకుందాం. కొన్ని ప్రమేయాలకు సమాకలనం చేస్తే వచ్చే జవాబు మనకు తెలిసిన ప్రమేయాల్లో రాయడానికే లేదని లియువిల్ 1830లలో తేల్చాడు. ‘ఇ’ని మైనస్ ఎక్స్ స్క్వేర్ ఘాతానికి ఎత్తితే వచ్చే ప్రమేయం అలాంటిదే. చిత్రమేమిటంటే, అలాంటివాటిని కూడా సున్నా నుంచి అనంతం దాకా కూడితే ఎంతో పొందికైన విలువ వచ్చి కూర్చుంటుంది. ఆ విలువ కోసం ఒక్కొక్కరూ ఒక్కో దారి తవ్వారు. ఆయిలర్ ఒక పరామితిని లోపలికి చొప్పించాడు. పోయిసాన్ ఒక సమాకలనిని రెండుగా చేసి తలం మీద పరిచాడు. కోషీ 1814లో మొదలుపెట్టి, 1825 నాటికి సంకీర్ణ సంఖ్యల తలం మీద ఆవృత మార్గాల్లో చుట్టి వచ్చే గొప్ప పద్ధతిని తయారుచేశాడు. ఇదంతా గత భాగాల్లో చూశాం. ఇక బిరెన్స్ ద హాన్ అనే డచ్చి గణితవేత్త లైడెన్ నుంచి 1867లో అచ్చువేసిన కొత్త పట్టికలు చూస్తే, అప్పటికే యూరప్‌లో ఎన్ని వేల సమాకలనుల విలువలు పోగుపడ్డాయో తెలుస్తుంది. మన కోచింగ్ సెంటర్లలో పిల్లలు ‘కింగ్ రూల్’ అని బట్టీపట్టే కిటుకులాంటివి ఆ పోగులో చిన్న చిన్న తునకలు.

కుంభకోణంలో పదిహేనేళ్ల కుర్రాడికి ఈ చరిత్రలో దొరికింది కార్ అనే ఆయన రాసిన ‘సినాప్సిస్’ మాత్రమే. కార్ లండన్‌లో పరీక్షలకు ట్యూషన్లు చెప్పినవాడు. వేల సిద్ధాంతాలను నంబర్లు వేసి, ఉపపత్తులు బాగా కుదించో అసలు లేకుండానో పేర్చిన పుస్తకం అది. సమాకలన గణితం వరకూ సూత్రాలు దండిగా ఉన్నాయి. కోషీ చూపించిన ఆవృత మార్గాల పద్ధతి మాత్రం ఆ కుర్రాడి దాకా రాలేదు. అంటే కష్టమైన సమాకలనులను ఛేదించడానికి అప్పటికి ఉన్న అతి పదునైన ఆయుధం లేకుండానే రామానుజన్ రంగంలోకి దిగాడు. అతనికి తెలిసిందల్లా అనంత శ్రేణులు. వాటితో అతనికున్న చనువు మాత్రం ఆ రోజుల్లో ఇంకెవరికీ లేదు.

ఇక్కడ మన ఊళ్లు రెండు ఈ కథలోకి వస్తాయి. మొదటిది గుత్తి. అక్కడ డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ 1906 చివర లెక్కలంటే ఇష్టమున్న మిత్రులకు ఉత్తరాలు రాసి, ఒక సంఘం పెట్టుకుందామన్నాడు. 1907లో అది ఏర్పడింది. అదే తర్వాత ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. రామానుజన్ మొదటి వ్యాసాన్ని 1911లో అచ్చువేసింది ఆ సొసైటీ పత్రికే. పెళ్లయి, ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో రామానుజన్ నోటు పుస్తకాలు చంకన పెట్టుకుని వెళ్లి కలిసినవాళ్లలో ఈ అయ్యర్ ఒకడు.

రెండోది నెల్లూరు. అక్కడి కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు లెక్కల్లో అభిరుచి ఉన్నవాడు, ఆ సంఘంలో ముఖ్యుడు. 1910 చివర రామానుజన్ అతని దగ్గరికి చేరాడు. ఆ కుర్రాడి మాటల్లో మొదట కలెక్టరుకు తలా తోకా దొరకలేదు. అది గ్రహించి రామానుజన్ సులభమైన ఫలితాలతో మొదలుపెట్టి, మెల్లగా దీర్ఘవృత్తీయ సమాకలనుల దాకా, అక్కడి నుంచి హైపర్ జామెట్రిక్ శ్రేణుల దాకా అతన్ని నడిపించుకెళ్లాడు. ఏం కావాలని అడిగితే, పరిశోధన సాగించుకోవడానికి తిండికి సరిపడా ఏదో కొంత చాలన్నాడు. ఎక్కడో మారుమూల పడేసి అతని చదువు చంపడం ఇష్టంలేక, రామచంద్రరావు సొంత డబ్బుతో నెలకు 25 రూపాయలు పంపాడు. ఒక జిల్లా కలెక్టరు కచేరీ పనుల మధ్య కూర్చుని, అర్థంకాని సమాకలనులను ఓపికగా విని, అర్థమయ్యాక తన జేబులోంచి డబ్బు తీసిన ఘట్టం ఇది. మన జిల్లాల చరిత్రలో దీనికి ఇంకాస్త పెద్ద చోటు దక్కాలి.

ఒకరి ఖర్చు మీద ఎన్నాళ్లని బతకడం? 1912 మార్చి 1న రామానుజన్ మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరాడు. అక్కడి నుంచే 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి ఉత్తరం రాశాడు.

హార్డీ గురించి మనవాళ్లు సంఖ్యా సిద్ధాంతం వైపు నుంచే చెబుతుంటారు. నిజానికి నిశ్చిత సమాకలనులంటే అతనికి కుర్రతనం నుంచీ పిచ్చి. వాటి మీద వరసగా పేపర్లు రాశాడు. రామానుజన్ పంపిన కాగితాల్లో సమాకలనులు కనిపించగానే, ఇది నా ఇలాకా అనుకుని అతను ముందుగా వాటినే పట్టుకున్నాడు. ఒకటి లాప్లాస్ చెప్పినదే, జాకోబీ సరిగ్గా నిరూపించినదే. పైన ఒక వరస, కింద ఒక వరస అంతులేని లబ్ధాలు పేర్చి, సున్నా నుంచి అనంతం దాకా కూడితే గామా ప్రమేయాలతో చక్కగా తేలిపోయే సమాకలని ఇంకొకటి. ఇలాంటివాటిని తానే నిరూపించగలననుకుని కూర్చున్నాడు హార్డీ. నిరూపించాడు కూడా. కానీ అనుకున్నదానికంటే చాలా ఎక్కువ చెమటోడ్చాల్సి వచ్చిందని తర్వాత తనే ఒప్పుకున్నాడు. అతన్ని పూర్తిగా ఓడించినవి అవిచ్ఛిన్న భిన్నాల సూత్రాలు. వాటితో పోలిస్తే సమాకలనులు కాస్త తక్కువేనని కూడా అన్నాడు.

ఆ మాటతో నాకు పేచీ ఉంది. హార్డీ చూసింది జవాబులను మాత్రమే. జవాబు వెనకున్న యంత్రాన్ని రామానుజన్ అప్పటికి బయటపెట్టలేదు. ఫిబ్రవరి 8న హార్డీ ఉపపత్తులు పంపమని రాస్తే, ఫిబ్రవరి 27 నాటి జవాబులో రామానుజన్ తన పద్ధతులు చెప్పడానికి జంకాడు. అంతకుముందు లండన్ ప్రొఫెసర్ ఒకరు తన పని చూసి అనంత శ్రేణులతో జాగ్రత్త అని హెచ్చరించారనీ, పద్ధతులు చెబితే మీరూ ఆయన దారే పడతారనీ అతని భయం. కేంబ్రిడ్జికి చెప్పనిది ఆరు నెలలు తిరక్కుండా మద్రాసు విశ్వవిద్యాలయానికి చెప్పాడు. జీతం ఇస్తున్నవాళ్లకు లెక్క చెప్పాలి మరి. అలా మూడు నెలల షరతు మనకు మేలు చేసింది.

ఇక యంత్రం విప్పి చూద్దాం.

ఒక ప్రమేయాన్ని ఎక్స్ ఘాతాలతో శ్రేణిగా రాశామనుకోండి. మొదటి పదానికి ప్లస్, తర్వాతి పదానికి మైనస్, మళ్లీ ప్లస్, ఇలా గుర్తులు మారుతూ పోవాలి. ప్రతి పదం కింద దాని ఘాతం తాలూకు క్రమగుణితం ఉండాలి. ‘ఇ’ని మైనస్ ఎక్స్ ఘాతానికి ఎత్తితే వచ్చే శ్రేణి అచ్చం ఇలాగే ఉంటుంది. కాకపోతే మన ప్రమేయంలో ప్రతి పదానికీ అదనంగా ఒక గుణకం ఉంటుంది. సున్నావ గుణకం, ఒకటవ గుణకం, రెండవ గుణకం, ఇలా. ఆ గుణకాలన్నిటినీ ఇచ్చే సూత్రం మన చేతిలో ఉందనుకోండి.

ఇప్పుడు ఆ ప్రమేయాన్ని ఎక్స్ యొక్క ఎన్ మైనస్ ఒకటవ ఘాతంతో గుణించి, సున్నా నుంచి అనంతం దాకా సమాకలనం చేయాలి. రామానుజన్ చెప్పిన జవాబు ఇది: గామా ఎన్ (ఎన్ మైనస్ ఒకటికి క్రమగుణితాన్ని భిన్నాలకూ సాగదీసిన ప్రమేయం) తీసుకో, దాన్ని మైనస్ ఎన్ స్థానంలో ఉండే గుణకంతో గుణించు. అంతే.

మైనస్ ఎన్ స్థానమా? శ్రేణిలో ఉన్న స్థానాలు సున్నా, ఒకటి, రెండు, మూడు, ఇలా ముందుకు పోయేవే కదా. సున్నాకు వెనకపక్క ఏ పదమూ లేదు. ఎన్ విలువ అర అయితే, మైనస్ అర స్థానంలోని గుణకం కావాలంటున్నాడు. లేని పదానికి గుణకం ఎక్కడ నుంచి వస్తుంది? గుణకాల సూత్రంలోంచి వస్తుంది. పూర్ణసంఖ్యల దగ్గర పనిచేస్తున్న ఆ సూత్రంలో జంకూ గొంకూ లేకుండా మైనస్ అర పెట్టేయడమే. శ్రేణి ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి వెనక్కి నడిస్తే, సమాకలని విలువ అక్కడే ఉంది!

దీన్ని ఒక మొండి సమాకలని మీద ప్రయోగిద్దాం. సైన్ ఎక్స్ బై ఎక్స్, సున్నా నుంచి అనంతం దాకా. ఆయిలర్ 1781లో దీని విలువ ‘పై’లో సగమని తేల్చాడు. ఆ తర్వాత నూట పాతికేళ్లు దాటినా దీని ఉపపత్తుల మీద చర్చ ఆగలేదు. 1909లో హార్డీ ‘మ్యాథమెటికల్ గెజెట్’లో ఈ ఒక్క సమాకలని మీదే వ్యాసం రాసి, అప్పటికి చలామణిలో ఉన్న ఉపపత్తులకు వరసగా మార్కులు వేశాడు. అవి తప్పులు లెక్కపెట్టే మార్కులన్నమాట. ఎక్కడెక్కడ అవధుల క్రమం మార్చారో, ఎక్కడ సందేహాస్పదమైన అడుగు వేశారో చూసి, ఒక్కో అడుగుకు ఇంతని వడ్డించాడు. ఎవరికి తక్కువ మార్కులు వస్తే వాళ్లది సులభమైన ఉపపత్తి.

రామానుజన్ యంత్రంలో అదే సమాకలనిని వేద్దాం. సైన్ ఎక్స్ శ్రేణిని ఎక్స్‌తో భాగిస్తే ఒకటి, మైనస్ ఎక్స్ స్క్వేర్ బై 6, ప్లస్ ఎక్స్ నాలుగో ఘాతం బై 120, ఇలా వస్తుంది. కింద ఉన్నవి మూడు క్రమగుణితం, ఐదు క్రమగుణితం, తర్వాత ఏడు. అన్నీ సరి ఘాతాలే కాబట్టి ఎక్స్ స్క్వేర్‌ను టి అందాం. ఇప్పుడు ఒకటి, మైనస్ టి బై 6, ప్లస్ టి స్క్వేర్ బై 120. సిద్ధాంతానికి కింద కె క్రమగుణితం కావాలి. లేదు కాబట్టి మనమే పైనా కిందా పెట్టుకుందాం. అప్పుడు కె స్థానంలోని గుణకం ఏమవుతుంది? పైన కె క్రమగుణితం, కింద రెండు కె ప్లస్ ఒకటి మొత్తానికి క్రమగుణితం. సరిచూసుకోండి. రెండో స్థానంలో పైన 2, కింద 120. దాన్ని మళ్లీ రెండు క్రమగుణితంతో భాగిస్తే 120లో ఒక వంతే వస్తుంది. లెక్క సరిపోయింది.

ఎక్స్ నుంచి టికి మారినప్పుడు ముందు ఒక అర వచ్చి చేరుతుంది, లోపల టి యొక్క మైనస్ అర ఘాతం వస్తుంది. ఎన్ మైనస్ ఒకటి అంటే మైనస్ అర అయింది కాబట్టి ఎన్ విలువ అర. ఇక కావలసినవి మూడే: ముందున్న అర, గామా అర, మైనస్ అర స్థానంలోని గుణకం. గామా అర అంటే ‘పై’ వర్గమూలం. గుణకాల సూత్రంలో కె బదులు మైనస్ అర పెడితే, పైన మైనస్ అరకు క్రమగుణితం, అంటే మళ్లీ గామా అర, అదీ ‘పై’ వర్గమూలమే. కింద రెండుసార్లు మైనస్ అర, ప్లస్ ఒకటి, మొత్తం సున్నా. సున్నా క్రమగుణితం ఒకటి. అంటే గుణకం ‘పై’ వర్గమూలం. రెండు వర్గమూలాలు గుణిస్తే ‘పై’, ముందు అర ఉంది కాబట్టి ‘పై’లో సగం.

ఆయిలర్ జవాబే. సగం పేజీ కూడా పట్టలేదు. ఇంత సులువుగా తేలుతుందని మొదటిసారి చూసినవాళ్లెవరికైనా ఒళ్లు ఝల్లుమంటుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఎన్ విలువ అర అయినప్పటి ఈ ప్రత్యేక సందర్భాన్ని కేంబ్రిడ్జిలో గ్లేషర్ 1874లోనే ప్రచురించాడు. ఏ ఎన్‌కైనా పనిచేసే నిండు సిద్ధాంతం, దాన్ని పనిముట్టుగా మార్చుకున్న చొరవ రామానుజన్‌వి. ఈ గ్లేషరే ‘మెసెంజర్ ఆఫ్ మ్యాథమెటిక్స్’ పత్రికకు దశాబ్దాలపాటు సంపాదకుడు. నిశ్చిత సమాకలనుల మీద రామానుజన్ రాసిన వ్యాసాలు 1915లో వెలువడింది ఆ పత్రికలోనే.

మరి రామానుజన్ దీన్ని ఎలా రాబట్టాడు? ఆయిలర్ కాలం నుంచీ తెలిసిన గామా సమాకలనితోనే మొదలుపెట్టాడు. ‘ఇ’ని మైనస్ ఎమ్ ఎక్స్ ఘాతానికి ఎత్తి, ఎక్స్ యొక్క ఎన్ మైనస్ ఒకటవ ఘాతంతో గుణించి కూడితే, గామా ఎన్‌ను ఎమ్ యొక్క ఎన్‌వ ఘాతంతో భాగించిన విలువ వస్తుంది. ఇందులో ఎమ్ స్థానంలో ఆర్ అనే సంఖ్య ఘాతాలను ఒక్కొక్కటిగా పెట్టాడు: ఒకటి, ఆర్, ఆర్ స్క్వేర్, ఇలా. ప్రతి సమీకరణాన్నీ తనకు నచ్చిన ఒక ప్రమేయం తాలూకు టేలర్ శ్రేణి పదంతో గుణించాడు. అన్నిటినీ కూడాడు. ఎడమవైపున్న ఘాతీయ ప్రమేయాలను శ్రేణులుగా విడగొట్టి, కూడే వరస తిరగేశాడు. టేలర్ శ్రేణులు తిరిగి ముడిపడి, ఎడమవైపు సున్నా, ఒకటి, రెండు స్థానాల్లో గుణకాలు నిలబడ్డాయి. కుడివైపు అదే గుణకం మైనస్ ఎన్ స్థానంలో తేలింది.

కూడే వరస తిరగేయడం అన్నచోటే హార్డీలాంటివాడు కనుబొమలు ముడిచేది. వెయ్యి లేదా లక్ష సంఖ్యలైతే ఏ వరసలో కూడినా ఒకటే. అనంతంగా ఉన్నప్పుడు వరస మారితే విలువే మారిపోవచ్చు. రామానుజన్‌కు ఈ సంగతి బొత్తిగా తెలియదనడం సరికాదు. నివేదికలో షరతులు రాశాడు. ప్రమేయం శ్రేణిగా విడగొట్టడానికి వీలుండాలి, అవిచ్ఛిన్నంగా ఉండాలి, ఎన్ ధనాత్మకం కావాలి, ఎక్స్ పెరిగేకొద్దీ ఎక్స్ ఎన్‌వ ఘాతంతో గుణించిన ప్రమేయం సున్నాకు చేరాలి. ఆలోచించి పెట్టిన షరతులే. కాకపోతే చాలవు.

ఎందుకు చాలవో చూడడానికి ఒక్క ఉదాహరణ చాలు. కె స్థానంలోని గుణకం సైన్ ‘పై’ కె అనుకోండి. పూర్ణసంఖ్యల దగ్గర ఇది ఎప్పుడూ సున్నాయే. కాబట్టి శ్రేణి మొత్తం సున్నా, ప్రమేయం సున్నా, సమాకలని సున్నా. రామానుజన్ షరతులన్నీ నెరవేరాయి. కానీ ఎన్ అర అయినప్పుడు సిద్ధాంతం ఏమంటుంది? గామా అరను, సైన్ మైనస్ ‘పై’లో సగంతో గుణించమంటుంది. అది మైనస్ ‘పై’ వర్గమూలం, సున్నా కాదు. యంత్రం తప్పు చెప్పింది.

లోపం ఎక్కడుంది? పూర్ణసంఖ్యల దగ్గర గుణకాలు తెలిస్తే, మధ్యలో వాటిని కలుపుతూ పోయే సూత్రాలు ఎన్నయినా ఉండవచ్చు. అందులో ఏది పెట్టాలి? రామానుజన్ చెయ్యి ఎప్పుడూ సహజమైన సూత్రం వైపే వెళ్లేది, అందుకే అతని జవాబులు నిలబడ్డాయి. ఆ సహజత్వానికి కొలబద్ద ఏమిటో చెప్పే సిద్ధాంతం 1914లో స్వీడన్‌లో కార్ల్‌సన్ అనే యువకుడి థీసిస్‌లో వచ్చింది. సంకీర్ణ తలంలో నిలువుగా పైకి పోతున్నప్పుడు, సైన్ ‘పై’ కె పెరిగే వేగం కంటే తక్కువ వేగంతో పెరిగే ప్రమేయం, పూర్ణసంఖ్యలన్నిటి దగ్గరా సున్నా అయితే, అది అంతటా సున్నాయే కావాలి. అంటే ఆ వేగానికి లోబడినవాటిలో సూత్రం ఒక్కటే ఉంటుంది, సందిగ్ధం లేదు. మద్రాసులో సిద్ధాంతం, ఉప్సాలాలో దాని సరిహద్దు గీత, రెండూ ఏడాది తేడాలో పుట్టాయి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

1913 నవంబర్ 7 నాటి రెండో నివేదిక అదే దారిలో ముందుకు పోయింది. ఫ్రులానీ అనే ఇటలీ గణితవేత్త 1820లలో ఇచ్చిన ఒక సూత్రం ఉంది: ఒకే ప్రమేయాన్ని రెండు వేర్వేరు కొలతల్లో సాగదీసి, ఒకదానిలోంచి ఇంకొకటి తీసేసి, ఎక్స్‌తో భాగించి కూడితే సంవర్గమానం వస్తుంది. రామానుజన్ అందులో రెండు వేర్వేరు ప్రమేయాలు పెట్టి, తన సిద్ధాంతంలో ఎన్‌ను సున్నాకు దగ్గర చేస్తూ, ఫ్రులానీ ఫలితం ఒక చిన్న మూలగా ఇమిడిపోయే పెద్ద సూత్రం రాబట్టాడు. 1914 మార్చి 9 నాటి మూడోదానిలో ఒక ప్రమేయాన్ని తన మీదే మళ్లీ మళ్లీ ప్రయోగించడం గురించి ఉంది. రెండుసార్లు, మూడుసార్లే కాదు, అరసారి ప్రయోగిస్తే ఏమవుతుందన్నది కూడా! సున్నాకూ ఒకటికీ మధ్య ఏముందో చూడాలన్న తపన మూడు నివేదికల్లోనూ ఒకటే.

మూడోది ఇచ్చిన ఎనిమిది రోజులకు, మార్చి 17న, అతను ‘నెవాసా’ ఓడలో ఇంగ్లండుకు బయలుదేరాడు.

నివేదికలు విశ్వవిద్యాలయంలోనే ఉండిపోయాయి. అచ్చుకాలేదు. 1920లో రామానుజన్ చనిపోయాక ఎవరో శ్రద్ధగా చేత్తో ఎత్తి రాసిన నకలు ఇంగ్లండు చేరింది. అసలు ప్రతులు తర్వాత కనిపించకుండా పోయాయి. జీతానికి లెక్కగా తీసుకున్న కాగితాలను దాచుకోవలసిన సంపదగా చూడకపోవడం మన కార్యాలయాలకు కొత్త కాదు. ఆ నకలు కూడా లేకుంటే, పద్ధతి లేని మహామేధావి అన్న కథే ఇవాళ మనకు మిగిలేది.

హార్డీ మాత్రం మరిచిపోలేదు. 1940లో కేంబ్రిడ్జి అచ్చువేసిన అతని రామానుజన్ ఉపన్యాసాల్లో పదకొండో అధ్యాయం మొత్తం నిశ్చిత సమాకలనుల మీదే. అందులో అతను కోషీ పద్ధతిని, గుణకాల సూత్రం పెరిగే వేగం మీద పరిమితిని కలిపి, మాస్టర్ థియరం ఎప్పుడు నిజమో కచ్చితంగా చెప్పాడు. సంకీర్ణ తలంలో ఆ పెరుగుదల ‘పై’ అనే హద్దుకు ఇవతలే ఉండాలి. సైన్ ‘పై’ కె సరిగ్గా ఆ హద్దు మీద నిలబడి ఉంటుంది కాబట్టి బయటికి పోతుంది. రామానుజన్‌కు ఈ సూత్రమంటే ఎంతో మమకారమనీ, ఎప్పుడూ చేతిలో ఉండే పనిముట్టుగా వాడేవాడనీ కూడా హార్డీ రాశాడు. 1913లో సమాకలనులు తక్కువ అనుకున్న మనిషే ఇలా రాయడానికి, మధ్యలో ఆ పద్ధతిని దగ్గర నుంచి చూడడమే కారణమని నేననుకుంటాను.

తర్వాత అమెరికాలో బ్రూస్ బెర్న్ట్ రామానుజన్ నోటు పుస్తకాల్లోని ఒక్కో ఫలితానికీ ఉపపత్తి కూర్చి, 1985 నుంచి 1998 దాకా ఐదు సంపుటాలు వేశాడు. మొదటి సంపుటంలోనే ఈ మూడు నివేదికలకు చోటిచ్చాడు. అవి అలా డెబ్బై ఏళ్ల తర్వాత గణితలోకానికి చేతికందాయి.

అక్కడితో కథ మ్యూజియంలోకి పోలేదు. కణ భౌతిక శాస్త్రంలో ఫైన్‌మన్ గీసిన బొమ్మలు ఉంటాయి. ఒక్కో బొమ్మ వెనకా ఒక సమాకలని, అది కూడా ఎన్నో చరరాశులున్నది. వాటిని తేల్చడానికి చిలీ భౌతిక శాస్త్రవేత్త ఇవాన్ గొంజాలెజ్ తదితరులు ‘బ్రాకెట్ల పద్ధతి’ ఒకటి తయారుచేశారు. టులేన్ విశ్వవిద్యాలయంలో విక్టర్ మోల్ బృందం దాన్ని గణితపరంగా పరిశీలించింది. ఆ పద్ధతికి పునాది మాస్టర్ థియరమే. చరరాశులు ఎన్ని ఉంటే అన్నిసార్లు శ్రేణి రాయడం, గుణకాల సూత్రం పట్టుకోవడం, లేని స్థానాల్లో విలువ చదవడం. 2012లో గొంజాలెజ్, మోల్, మరికొందరు కలిసి రాసిన వ్యాసం శీర్షిక కూడా రామానుజన్ మాస్టర్ థియరం అనే.

చేతులు ఊరుతున్న పాఠకులకు ఒక లెక్క. ఒకటిని, ఒకటి ప్లస్ ఎక్స్‌తో భాగించండి. దాన్ని మళ్లీ ఎక్స్ వర్గమూలంతో భాగించి, సున్నా నుంచి అనంతం దాకా కూడాలి. శ్రేణి ఒకటి, మైనస్ ఎక్స్, ప్లస్ ఎక్స్ స్క్వేర్, ఇలా పోతుంది. కింద క్రమగుణితం లేదు, కాబట్టి గుణకం కె క్రమగుణితమే అవుతుంది. ఎన్ విలువ అర. గామా అర ఒకటి, మైనస్ అర క్రమగుణితం ఇంకొకటి. జవాబు ‘పై’. ఆ శ్రేణి అసలు ఎక్స్ ఒకటి దాటితే కూడడానికే వీలుకాదు, అయినా అనంతం దాకా జవాబు సరిగ్గా వచ్చింది. ఎందుకు వచ్చిందో, అపసరణ శ్రేణులతో రామానుజన్ ఎందుకంత ధైర్యంగా ఉండేవాడో వచ్చే భాగంలో చూద్దాం.